మిరపకట్టె

చలికాలంలో మట్టి గిన్నె ఆరాలంటే ఎండ ఉండాలి, గాలి ఉండాలి, చేసిన మనిషికి ఓపిక ఉండాలి. మొదటి రెండూ దొరకని రోజుల్లో వాసంతికి మూడోది కూడా దొరికేది కాదు. పొద్దున్నే వచ్చి షెడ్డు తలుపు తీసేది. బల్లల మీద వరసగా పేర్చిన గిన్నెల మీది పాత చీర ఎత్తి చూసేది. అంచులు ఆరి ఉండేవి, అడుగులు పచ్చిగానే ఉండేవి. అంచు ముందు ఆరిపోయి అడుగు వెనకపడితే గిన్నె నెర్రె విచ్చుకుంటుంది. "ఏందే మీ నస! ఇంకా ఎన్నాళ్ళే ఆరేది?" అని వాటిని తిట్టేది. తిట్టినాక మళ్ళీ చంటిపిల్లలకు కప్పినట్టు జాగ్రత్తగా కప్పేది.

నరసరావుపేట నుంచి కోటప్పకొండ పోయే రోడ్డు మీద, ఊరు అయిపోయిందో ఇంకా ఉందో తేల్చుకోలేని చోట, ఎడమచేతి వైపు ఒక చిన్న వీధి ఉంది. ఆ వీధిలో హనుమాయమ్మ గారి పాత పత్తి గోడౌనే వాసంతి స్టూడియో. స్టూడియో అన్నది బోర్డు మీది మాట. వీధిలో అందరికీ అది కుండల షెడ్డు. పత్తి వ్యాపారం ఆగిపోయి ఏళ్ళయినా మూలల్లో దూది పింజలు ఇంకా దాక్కునే ఉన్నాయి. ఫ్యాను వేస్తే చాలు, ఎగిరొచ్చి తడిమట్టికి అతుక్కుంటాయి. వాసంతి అంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు టీచరు. ఎండాకాలం సెలవుల్లో సరదాకి నేర్చుకున్న కుమ్మరి సారె పని ఆమెను వదిలిపెట్టలేదు, చివరికి ఆమే ఉద్యోగం వదిలిపెట్టింది. భర్త రవిశంకర్ మాచర్ల బస్సులో కండక్టరు. "మా ఆవిడకు మట్టి పిచ్చి పట్టింది" అని చుట్టాలందరికీ చెప్పుకుంటాడు. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా వినపడుతుంది.

ఎండాకాలం ఆమెకు చింత లేదు, నీళ్ళ కుండలు చేసినవి చేసినట్టు పోతాయి. కార్తీకంలో ప్రమిదలు పోతాయి. శివరాత్రికి కొండకు జనం కదిలితే రోడ్డు పక్కన బల్ల వేసుకుంటే చాలు. కష్టమంతా కార్తీకానికీ శివరాత్రికీ మధ్యనున్న చలిలోనే. పొద్దెక్కేదాకా మంచు వీధిని వదలదు. బానలో నానేసిన మట్టిలో చెయ్యి పెడితే మోచేతి దాకా జివ్వుమంటుంది. ఆదివారం నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు "టీచర్, మట్టి కరుస్తంది" అని చేతులు చంకల్లో దూర్చుకుని నిలబడతారు. కొనేవాళ్ళు తక్కువ, పగిలేవి ఎక్కువ. అలాంటప్పుడు ఒక పెద్ద పని దొరికితే ప్రాణం లేచొస్తుంది. ఆ డిసెంబరులో వాసంతికి అలాంటి పనే దొరికింది.

వీధి చివర చర్చి ఉంది. దాని సంఘపెద్ద జ్ఞానయ్య మాస్టారు ఒకరోజు సాయంత్రం వచ్చి సారె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. క్రిస్మస్ ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు గురించి మొదలుపెట్టాడు.

"నిరుడు ప్లాస్టిక్ ప్లేట్లు గాలికి లేసిపోయి అవతల మిరప చేలో పడ్డయ్యమ్మా. పండగ చేసుకున్నది మేము, ఏరుకున్నది ఆ రైతు. నెల్లాళ్ళు ఏరుకున్నాడు పాపం, నేను కనపడితే చాలు ఒకటి ఎత్తి చూపించేవాడు. ఈసారి మట్టి గిన్నెల్లో వడ్డిద్దామని అందరం ఒక మాట అనుకున్నాం. తిన్నోళ్ళు తిన్న గిన్నె కడుక్కొని ఇంటికి తీసకపోతారు. చేసిపెట్టగలవా?"

చేసిపెట్టగలనని వాసంతి ఎగిరి గంతేసినంత పని చేసింది. మాస్టారు వెళ్ళాక గుర్తొచ్చింది ఆమెకు, చెయ్యడం ఒక ఎత్తయితే కాల్చడం ఒక ఎత్తని. కాల్చడమంటే బట్టీ. బట్టీ అంటే రామబ్రహ్మం గారు.

షెడ్డు వెనక దొడ్లో ఇటుకలతో కట్టిన బట్టీ ఉంది. మనిషెత్తు ఉంటుంది. ముందు కట్టెలు పెట్టే పొయ్యి, పొయ్యి నెత్తిన ఒక మందపాటి ఇనప పలక, వెనక పొగగొట్టం. దొడ్డి గోడకు అవతలి ఇల్లు రామబ్రహ్మం గారిది. ఆయన సాగర్ డ్యాము దగ్గర, విజయపురి సౌత్‌లో నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటాడు. అన్నిటా కొలత మనిషి. స్నానం నీళ్ళకు కట్టెలు కోయించినా స్కేలు పెట్టినట్టు ఒకే పొడుగున కోయించి, తాడుతో కట్టలు కట్టి, గేటు పక్కన రేకుల కింద పేరుస్తాడు. పాల ప్యాకెట్ కోసం వీధి మొగకు పోయినా గేటుకు గొలుసు చుట్టి, తాళం వేసి, పడిందో లేదో లాగి చూసి, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి లాగుతాడు. మంచి మనిషే. కానీ ఆయాసం మనిషి. చలి మొదలైతే మంకీ క్యాపు తలకు, ఇన్‌హేలరు జేబుకు ఎక్కుతాయి.

నవంబరులో ఒకసారి మంచు పొద్దున వాసంతి బట్టీ వెలిగిస్తే పొగంతా పైకి పోకుండా ఆయన కిటికీలోంచి లోపలికి పోయింది. ఆయన హనుమాయమ్మ దగ్గరికి వెళ్ళాడు. హనుమాయమ్మ ఇద్దర్నీ తన అరుగు దగ్గరికి పిలిపించి, ఆ వీధిలో ఎవరూ ఎదురు చెప్పని గొంతుతో తీర్పు చెప్పింది.

"అన్నయ్యా, ఈసారికి సర్దుకో. ఇంకోసారి నీకు ఊపిరాడక నువ్వు వద్దంటే, ఆ మర్నాడే మనుషుల్ని పెట్టి బట్టీ ఇటుకలు పీకిస్తా. ఏమే వాసంతీ, ఇన్నావుగా?"

వాసంతి విన్నది. హనుమాయమ్మ అన్నదంటే చేస్తుందని కూడా ఆమెకు తెలుసు. బట్టీ లేకపోతే స్టూడియో లేదు. కాల్చని గిన్నెలో నీళ్ళు పోస్తే నీళ్ళూ గిన్నే కలిసి కారిపోతాయి. అప్పటి నుంచి ఆమె మంచు విడిపోయాక, గాలి చేల వైపు తిరిగిందని చూసుకున్నాకే అగ్గిపుల్ల గీసేది. దొంగతనంగా వంట చేసుకున్నట్టుండేది. ఆయన మళ్ళీ ఏమీ అనలేదు. అప్పుడప్పుడు గోడ మీద నుంచి మంకీ క్యాపు ఒకటి లేచి, బట్టీని చూసి, మళ్ళీ దిగిపోయేది. ఆ టోపీ కనపడితే చాలు వాసంతి గొట్టం వంక చూసి పొగ ఎటు పోతోందో వెతుక్కునేది.

గిన్నెలు ఎలాగో తయారయ్యాయి. ఎండ ఎటు జరిగితే బల్లలు అటు జరిపి, పొద్దు గూకితే లోపల పెట్టి, రవిశంకర్ చేత కూడా మోయించి మొత్తానికి ఆరబెట్టింది. తీరా కాల్చే వేళకు ముసురు పట్టింది. బంగాళాఖాతంలో ఎక్కడో వాయుగుండమట, ఇక్కడ మాత్రం రోజులకు రోజులు సన్నగా జల్లు. దొడ్లో వేసుకున్న సర్కారు తుమ్మ కట్టెలు నానిపోయాయి. అడుగు వరసలో ఉన్నవి తప్ప ఒక్కటీ అంటుకునేలా లేదు. క్రిస్మస్ మీదికొచ్చేస్తోంది.

సంగతి విని హనుమాయమ్మ పెద్ద మనసు చేసుకుంది.

"బొల్లాపల్లి చేలో ఈ ఏడు మిరప సగం బొబ్బర తెగులుకు పోయిందే. మొక్కలు పీకించి గట్టున కుప్పేయించా. వాన రాకముందే పైన పట్టా కప్పారు. గలగలలాడతంది ఆ కట్టె. ట్రాక్టరుకేసి పంపిస్తా, కాల్చుకో."

"మంట నిలుస్తదా పెద్దమ్మా?"

"అగ్గి చూపిస్తే చాలు, నువ్వు అవతలికి దూకాల. మిరపకట్టె సంగతి నాకు చెప్తావా?"

ఆ కాలంలో పల్నాడులో ఎటు తిరిగినా మిరపే. కల్లాల్లో మిరప, లారీల మీద మిరప, బస్సులో పక్క సీటు మనిషి పంచెలో మిరప దుమ్ము. ఇక్కడ పుట్టి పెరిగిన ముక్కు మిరప వాసనను వాసన కింద జమకట్టదు. పై ఊరి మనిషైతే ట్రాక్టరు వీధిలోకి తిరుగుతుండగానే తుమ్మేవాడు. తోలుకొచ్చిన డ్రైవరు తుమ్మలేదు, దగ్గరుండి దింపించిన హనుమాయమ్మ తుమ్మలేదు, మోపులు పేర్చుకున్న వాసంతీ తుమ్మలేదు. తెగులు కాయ కోయిస్తే కూలి కూడా గిట్టదని చేలో కాయ కొయ్యనే లేదు. కాయలన్నీ మొక్కలకే ఎండిపోయి, ముడుచుకున్న ఆకుల్లో చుట్టుకుని, మోపుల లోపల పదిలంగా ఉన్నాయి. ఆ ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ముసురు విడిచిన మర్నాడు మంచు తేలిపోయాక వాసంతి బట్టీ వెలిగించింది. అడుగున పొడిగా మిగిలిన తుమ్మ మొద్దులతో పొద్దుటి నుంచి చిన్న మంట నడిపింది. మధ్యాహ్నం దాటాక, బట్టీ గోడలో ఉన్న కంతలోంచి చూస్తే గిన్నెలు మసక మసకగా ఎర్రబడుతున్నాయి. ఇక్కడి నుంచి పెద్ద మంట కావాలి, అది తగ్గకూడదు. ఎర్రబడ్డ గిన్నెకు చల్లగాలి తగిలిందా, లోపల ఒక్కొక్కటే టప్పుమని విచ్చుకుంటుంది. వాసంతి కోటప్పకొండ వైపు తిరిగి ఒక దండం పెట్టుకుని, మొదటి మిరప మోపు పొయ్యిలోకి తోసింది.

హనుమాయమ్మ అబద్ధం చెప్పలేదు. మంట ఒక్కసారిగా లేచి పొయ్యి నిండింది. కంతలోంచి చూస్తే ఎరుపు మీద ఎరుపు తేలుతోంది. "మా తల్లే!" అనుకుని ఇంకో మోపు పెట్టింది, ఇంకోటి పెట్టింది. ఆ సంతోషంలో గాలి పడిపోయిందనీ, ఆకాశం మళ్ళీ మూసుకుందనీ, పొగగొట్టం నుంచి వచ్చిన పొగ పైకి లేవకుండా మెల్లగా గోడ దిగుతోందనీ ఆమె చూసుకోలేదు.

మొదటి దగ్గు ఎదురింటి షకీలా దొడ్లోంచి వినపడింది. తరవాత ఆ పక్కింట్లోంచి, ఆ తరవాత వీధి మొత్తం నుంచి. చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్న పిల్లలు పల్లవి సగంలో ఆపి దగ్గు అందుకున్నారు. అరుగు మీద పడుకున్న కుక్కలు మూతులు తుడుచుకుంటూ రోడ్డెక్కాయి. పాలు పోసే అతను బండి ఉన్నచోటే వదిలేసి కళ్ళు మూసుకుని ఎటు పడితే అటు పరిగెత్తాడు. వాసంతి గొంతులో కూడా నిప్పు పడ్డట్టయింది. చేతిలో ఉన్న మోపు విప్పి చూసింది. ఆకుల చాటున నల్లగా, ఎర్రగా, గుత్తులు గుత్తులుగా కాయలు.

"అయ్యో నా ఖర్మా!" అంది. మరుక్షణం గోడ వైపు చూసింది. గోడ మీద టోపీ లేదు. గోడ అవతల నుంచి తెరలు తెరలుగా దగ్గు వస్తోంది. ఒక దగ్గుకూ ఇంకో దగ్గుకూ మధ్య ఊపిరి అందని ఈల వినపడుతోంది.

మంట నడిపితే గిన్నెలు దక్కుతాయి. ఆపితే గిన్నెలు పోతాయి. వాసంతి ఆ లెక్క వేసుకోను కూడా లేదు. ఇనప కొక్కెంతో పొయ్యిలోని మిరపకట్టెను బయటికి లాగేసింది. ముక్కుకు చున్నీ కట్టుకుని పరిగెత్తుకొచ్చిన షకీలా దాని మీద తట్టలతో ఇసక పోసింది. ఉన్న వేడన్నా నిలుస్తుందేమోనని పొయ్యి మూతికి ఇటుకలు అడ్డం పేర్చి, వాసంతి రామబ్రహ్మం గారింటికి పరిగెత్తింది.

ఆయన గేటు దగ్గర గోడకు ఆనుకుని ఉన్నాడు. మొహం కందిపోయింది. జ్ఞానయ్య మాస్టారి కొడుకు ప్రభు అప్పటికే ఆటో తెచ్చి ఆయన్ని ఎక్కిస్తున్నాడు. పెద్ద రోడ్డు అవతల మాస్టారి ఇంటి దగ్గర గాలి శుభ్రంగా ఉందని, అక్కడికి తీసుకుపోతానని చెప్పాడు.

"బాబాయి గారూ, ఆపేశాను. మంట ఆపేశాను. లోపల మిరపకాయలున్నయ్యని తెలవలేదు" అంది వాసంతి ఏడుపు గొంతుతో.

ఆయన ఇన్‌హేలరు నోట్లో పెట్టుకుని ఆమె వంక చూశాడు. పొగ ఆగిన గొట్టం వంక చూశాడు. మాట్లాడబోతే దగ్గొచ్చింది. చెయ్యి ఎత్తి ఒకసారి ఊపాడు. ఆటో కదిలిపోయింది.

ఇక చాలన్నాడు, అనుకుంది వాసంతి. అంతే, బట్టీ అయిపోయింది. వెనక్కొచ్చి బట్టీ ముందు ఇటుక మీద కూలబడింది. లోపల గిన్నెలు ఎర్రగా ఉన్నాయి, అవే ఈ బట్టీలో చివరి గిన్నెలు, అవి కూడా దక్కేలా లేవు.

హనుమాయమ్మ దగ్గుకుంటూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఇసకలోంచి బయటికి కనపడుతున్న కాయను కాలితో కదిపి చూసింది.

"ఏమే, ఇయ్యి నా కాయలేగదే?"

"అవును పెద్దమ్మా."

ముసలామె ఒక్క క్షణం బిక్కమొహం వేసింది. ఆ తరవాత నవ్వు ఆపుకోలేక మళ్ళీ దగ్గింది. "వీధి మొత్తానికి దిష్టి తీసిపెట్టావు గదే తల్లీ! గుప్పెడు కాయలు తిప్పి పొయ్యిలో ఏస్తేనే దిష్టి పోయిద్దంటారు. నేను ట్రాక్టరు నిండా పంపించా!"

చుట్టూ చేరిన ఆడవాళ్ళు కళ్ళ నీళ్ళతోనే నవ్వారు. దిష్టి తీసిన కాయ కాలేటప్పుడు ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు, దగ్గొచ్చిందంటే ఎవరి కన్నూ లేనట్టు. ఆ వీధిలో అది తెలియనివాళ్ళు లేరు. ఇంత దగ్గొచ్చిందంటే మన వీధి మీద ఈ భూమ్మీద ఒక్కరికీ ఏడుపు లేదని ఎవరో తేల్చేశారు.

హనుమాయమ్మ నవ్వు ఆపి అడిగింది. "రామబ్రహ్మం అన్నయ్య ఏమన్నాడు?"

"చెయ్యి ఊపి ఎల్లిపోయారు."

హనుమాయమ్మ గోడ అవతలి ఇంటి వైపు చూసింది. "మాట మాటేనే. ఆయన వద్దంటే నేను చేసేదేం లేదు. అది రేపు చూద్దాం. ఇప్పుడు ఈ గిన్నెల సంగతేంది?"

"వేడి కాసేపు నిలుస్తది. ఈలోపు మంట పడకపోతే మొత్తం పగుళ్ళే."

"మంట ఎందుకు పడదక్కా?" అంది షకీలా. ఆమె పెళ్ళి కాకముందు నుంచీ మిరప యార్డులో తొడిమలు తీసే పనికి పోతోంది. "కట్టె మంచిదేగా. కాయే గదా పాడుది. కాయ దూసేద్దాం."

అంది, కూర్చుంది. ముక్కుకు చున్నీ బిగించి ఒక మోపు ముందుకు లాక్కుంది. ఆమె వేళ్ళు కొమ్మ మొదట్లో పట్టుకుని చివరిదాకా ఒక్క ఊపున దూస్తే కాయలన్నీ ఒళ్ళోకి రాలాయి. మిగతావాళ్ళూ కొంగులు మూతులకు చుట్టుకుని చుట్టూ కూర్చున్నారు. ఆ వీధి ఆడవాళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు మిరప కల్లంలో చెయ్యి పెట్టనివాళ్ళు లేరు. మీ ఆయన దగ్గాడా, మా అత్త దగ్గింది, అని మేలమాడుకుంటూ దూసి పడేశారు. వాసంతి పొయ్యి మూతి తెరిచి దూసిన కట్టె లోపలికి తోసింది. మంట లేచింది. అందరూ ఊపిరి బిగబట్టి పొగగొట్టం వంక చూశారు. కాస్త గొంతు గరగరలాడింది గానీ ఎవరికీ దగ్గు రాలేదు.

అయితే మిరపకట్టె మంటకు ఆకలెక్కువ. ఇంతమంది దూసేదానికంటే పొయ్యి తినేదే ఎక్కువైంది. మోపుకూ మోపుకూ మధ్య ఎరుపు తగ్గుతోంది. అప్పుడు ఎవరు ముందు లేచారో తెలియదు. చూస్తుండగానే వీధిలోంచి కట్టెలు రావడం మొదలైంది. చలికాలం కదా, ప్రతి ఇంట్లో స్నానం నీళ్ళ కోసమని దొడ్లో కట్టెలు దాచుకున్నారు, వానకు తడవకుండా పరుపుల కంటే భద్రంగా దాచుకున్నారు. ఆ కట్టెలే చంకల్లో పెట్టుకుని వస్తున్నారు. షకీలా ఇంటి నుంచి పత్తికట్టె, ఇంకో ఇంటి నుంచి కొబ్బరి డొక్కలు, చర్చి వెనక నుంచి విరిగిన బెంచీ కాళ్ళు. హనుమాయమ్మ తన దొడ్డి మొత్తం ఊడ్పించి పంపింది.

వాసంతికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. అవి కొన్ని మిరప నీళ్ళు, కొన్ని కావు. తన వల్ల ఇందాక ఊపిరాడక ఇళ్ళలోంచి పరిగెత్తినవాళ్ళే వీళ్ళు. తిట్టడానికి వాళ్ళకు హక్కుంది, తీరిక కూడా ఉంది. ఒక్కరూ తిట్టలేదు. ఇంతమంది మధ్య బతుకుతున్నానని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు.

పొద్దు వాలుతోంది. పొయ్యి పక్కన కుప్ప తరిగిపోయింది. షకీలా ఎక్కడి నుంచో రెండు చేతుల నిండా కట్టెలు తెచ్చి దించింది. ఒకే పొడుగున కోసి, తాడుతో కట్టిన కట్టలు. చూడగానే అవి ఎవరివో వాసంతికి అడగాల్సిన పని లేకపోయింది.

"షకీలా! ఆయన్ని అడిగావా?"

"అడగడానికి ఇంట్లో ఉంటేగా అక్కా. గేటు తీసే ఉంది."

"దగ్గులో మర్చిపోయి ఉంటారే. ఎట్టా తెస్తావు?"

"ఇంకేం లేవక్కా వీధిలో. ఇయ్యే మిగిలినయ్యి."

వాసంతి ఆ కట్టల్ని పక్కకు పెట్టించింది. వాటి వంక చూడకుండా ఉన్న కాస్త పుల్లా పుడకా ఏరి పొయ్యిలో వేసింది. కంతలోంచి చూస్తే ఎరుపు మళ్ళీ మసకబారుతోంది. ఇంకొక్క కాస్త మంట చాలు. ఆయన తన బట్టీని రేపు ఎలాగూ తీయించేస్తాడు, అడక్కుండా కట్టె కాల్చానని ఇంకో మాట కూడా అంటాడు, పడదాం అనుకుని తాడు కోసింది. ఏళ్ళ తరబడి ఎండిన ఆ కట్టె నిలకడగా, పొగ లేకుండా మండింది. దీపాలు పెట్టే వేళకు వాసంతి కొక్కెంతో ఒక చిన్న గిన్నెను కంతలోంచి బయటికి తీసి, చల్లారాక వేలితో కొట్టింది. అది ఖంగుమంది. వీధి మొత్తం ఆ చప్పుడు విని కేకలేసింది. వాసంతి పొయ్యి మూతికి మళ్ళీ ఇటుకలు పేర్చి మట్టి మెత్తేసింది. బట్టీ దానంతటది చల్లారాలి, అందాకా తెరవడానికి లేదు.

మర్నాడు తెల్లవారేసరికి మంచు వీధిని మింగేసింది. వాసంతి షాలు కప్పుకుని షెడ్డుకు వస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. రోజూ ఈ వేళకు ప్రతి దొడ్లోంచి నీళ్ళ పొయ్యి పొగ లేస్తుంది, కాగుల కింద మంటలు మంచులో ఎర్రగా కనపడతాయి. ఇవాళ ఒక్క పొయ్యీ వెలగలేదు. షకీలా దొడ్లో పిల్లాడు "సన్నీళ్ళు నేను పోసుకోను" అని ఏడుస్తున్నాడు. వీధి మొత్తానికి స్నానం కట్టెలు లేకుండా చేసింది తనే.

ఆమె బట్టీ దగ్గరికెళ్ళి నిలబడింది. ఇటుకలు ఇంకా సెగలు కక్కుతున్నాయి. పొయ్యి నెత్తినున్న ఇనప పలక మీద నాలుగు చుక్కలు చల్లితే చుయ్యిమని ఎగిరిపోయాయి. వాసంతి పరుగున పోయి మట్టి నానేసే పెద్ద గుండిగ తోమి, పంపు కింద నింపి, ఆ పలక మీద పెట్టింది. ఉన్న బిందెలన్నీ నింపి బట్టీ గోడకు ఆనించి పెట్టింది. కాసేపటికి గుండిగలో నీళ్ళు సుళ్ళు తిరిగాయి. ఆమె వీధిలోకి వచ్చి, ఇంత గొంతు తనకు ఉందని తెలియనంత గట్టిగా కేక పెట్టింది.

"వేణ్ణీళ్ళు కాగినయ్యి! బకెట్లు తీసుకురండి!"

వచ్చారు. మంచులోంచి ఒక్కొక్కరే, శాలువాలు, తువ్వాళ్ళు, బకెట్లు. ముంచి పోస్తుంటే ఆవిరికి వాసంతి మొహం తడిసిపోయింది. ఒక బకెట్ పోతే ఇంకో బిందె పలక మీదికెక్కింది. హనుమాయమ్మ ఇటుక మీద కూర్చుని అందరి వరసనూ అదుపు చేసింది.

అందరి కంటే చివర రామబ్రహ్మం గారు వచ్చాడు. మంకీ క్యాపు, మెడకు మఫ్లరు, చేతిలో బకెట్. ఆయన్ని చూడగానే అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. వాసంతి చేతిలో చెంబు గుండిగలోనే ఉండిపోయింది.

"ఒంట్లో ఎట్టా ఉంది బాబాయి గారూ?"

"బాగుంది. రాత్రి నిద్ర కూడా పట్టింది."

"నిన్న మీ కట్టెలు అడక్కుండా కాల్చేశాను. గేటు తీసి ఉందని తెచ్చారు. మీరు దగ్గులో మర్చిపోయి ఉంటారు."

"నేనా? గేటు మర్చిపోయేది?" ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. "పాల ప్యాకెట్‌కు పోతేనే తాళమేసే మనిషిని. నిన్న తాళం నా జేబులోనే ఉంది. ప్రభు ఏస్తానంటే చేత్తోనే వద్దన్నా."

వాసంతికి వెంటనే అర్థం కాలేదు. ఆయన బకెట్ కింద పెట్టి, గాలి పీల్చుకుని, నింపాదిగా చెప్పాడు.

"ఏడాది నుంచి గోడ మీద నుంచి చూస్తన్నా నీ బట్టీని. ఎర్రబడ్డాక ఆపితే నీకు మిగిలేదేం లేదని తెలవదా నాకు? నా దగ్గు ఇని ఆపేసి పరిగెత్తుకొచ్చావు. నా కట్టె తీసుకోమ్మా అని చెప్దామంటే ఊపిరాడలా, చెయ్యి ఊపింది అందుకే. అందుకని గేటు తీసి పెట్టి పోయా." మెడకున్న మఫ్లరు సర్దుకున్నాడు. "మా ఆవిడ పోయినకాడ్నించి నాకు దిష్టి తీసినోళ్ళు లేరు. అదీ అయింది నిన్న."

వాసంతి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

హనుమాయమ్మ గొంతు సవరించుకుంది. మాట మాటే కదా, అడగక తప్పదు. "అన్నయ్యా, మరి నేనన్న మాట ఉంది. బట్టీ సంగతేం చెయ్యమంటావు? ఇటుకలు పీకించనా?"

రామబ్రహ్మం గారు పలక మీద పొగలు కక్కుతున్న గుండిగను చూశాడు. వాసంతి వైపు తిరిగాడు.

"మళ్ళీ ఎప్పుడు కాల్చేది?"

"మీరు ఊ అంటే కొత్త సంవత్సరం పోయినాక బాబాయి గారూ."

"ముందు రోజు చెప్పు. పొద్దున్నే పోయి జ్ఞానయ్య ఇంటికాడ కూర్చుంటా, పొద్దుగూకినాక వస్తా. గేటు తీసే పెడతా."

వాసంతి ఆయన బకెట్ అందుకుని అంచు దాకా నింపింది. ఆయన్ని మొయ్యనివ్వలేదు. తనే ఎత్తుకుని, నీళ్ళు తొణక్కుండా, మంచులో ఆయన వెనకే నడిచింది.